ప్రెస్సు సరే, తూకం మాటేమిటి?

కరోల్ బాగ్‌లో బ్యాంక్ స్ట్రీట్ నగల దుకాణాల తళుకు ఢిల్లీలో అందరికీ తెలుసు. వాటి వెనక బీడన్‌పురా, రేగర్‌పురా సందుల్లోని ఇరుకు గదుల్లో బెంగాలీ పనివాళ్లు నేల మీద కూర్చుని ఆ నగలు చేస్తుంటారన్న సంగతి కొనేవాళ్లలో చాలామందికి పట్టదు. ఆ గదుల్లో చూడవలసినవి మూడు. బల్లకు బిగించిన చేతి ప్రెస్సు, దానిలో పెట్టే డై, పక్కన గాజు పెట్టెలో చిన్న తూకం. లీవరు లాగితే రేకు డై ఆకారంలోకి వస్తుంది. ప్రతి రేకూ ముందు దానిలాగే రావాలంటే మాత్రం లీవరు బలం ఒక్కటే చాలదు. రేకు మందం, తూకం, పనివాడి చెయ్యి అన్నీ ఒక్కలాగే ఉండాలి.

ఇంచుమించు ఇవే మూడు వస్తువులతో ఇంట్లో తూటాలు నింపుకునే అలవాటు అమెరికాలో ఏనాటి నుంచో ఉంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు రీలోడింగ్. ఒకసారి పేల్చిన తూటా ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా దాంట్లో మళ్లీ ప్రైమర్, మందు, గుండు పెట్టి వాడుకోవడం. ఖర్చు కలిసొస్తుందని కొందరు, కంపెనీ తూటా కన్నా సొంత తూటా ‘ఒకే మాట మీద’ ఉంటుందని మరికొందరు ఆ పనికి దిగుతారు.

ఈ ప్రస్తావనకు కారణం కరోల్ బాగ్‌లోనే చాలా ఏళ్లుగా కాపురముంటున్న మిత్రుడొకరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. .32 పిస్టల్‌కు లైసెన్సుంది. ఆదివారాలు తుగ్లకాబాద్ దగ్గరి కర్ణీ సింగ్ షూటింగ్ రేంజ్‌కు వెళ్లి గురి చూసుకోవడం ఆయన సరదా. డల్లాస్‌లో ఉన్న అన్న కొడుకు ఫోన్ చేశాడట. ‘‘బాబాయ్, వచ్చే నెల ఇండియా వస్తున్నా. నీకేం ప్రెస్సు కావాలో చెప్పు, సూట్‌కేసులో పడేసుకొస్తా’’ అన్నాడట. ‘‘సింగిల్ స్టేజ్ తెమ్మందునా, ప్రోగ్రెసివ్ తెమ్మందునా? మీరు ఇలాంటివన్నీ చదువుతారు కదండీ’’ అని ఆయన నన్నడిగారు.

ఏ ప్రెస్సు మంచిదన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పవచ్చు. చెబుతాను కూడా. కానీ ఆయన అడగవలసిన ప్రశ్న అది కాదు.

ముందు ప్రెస్సు సంగతి. పేలినప్పుడు ఇత్తడి గొట్టం తుపాకీ గది గోడలకు ఒత్తుకుని ఉబ్బుతుంది. దాన్ని డైలోకి నెట్టి మళ్లీ కొలతకు తేవాలి. కాలిపోయిన ప్రైమర్‌ను ఊడగొట్టి కొత్తది కూర్చాలి. తూచిన మందు పోయాలి. గుండును అనుకున్న లోతుకు దించాలి. వీటిలో బలం కావలసిన పనులు ప్రెస్సువి. వాటి పద్ధతిని బట్టే ప్రెస్సులు మూడు రకాలు. సింగిల్ స్టేజ్‌లో ఒకసారికి ఒకే డై, ఒకే పని. యాభై గొట్టాలుంటే యాభైకీ మొదటి పని ముగించి, డై మార్చి, రెండో పని మొదలుపెట్టాలి. టరెట్‌లో డైలన్నీ ఒక తిరుగుడు పళ్లెంలో బిగించి ఉంటాయి. విప్పి బిగించే బాధ ఉండదు, పళ్లెం తిప్పితే చాలు. ప్రోగ్రెసివ్‌లో గొట్టాలే చక్రం మీద తిరుగుతాయి. లీవరు ఒక్కసారి లాగితే ఒకదానికి ప్రైమర్, ఇంకోదానికి మందు, మరోదానికి గుండు. నిండిన తూటా ఒకటి బయటికొచ్చి పడుతుంది. మొదటి రకంతో గంటకు యాభై చేయడమే గగనం. మూడో రకంతో నాలుగైదు వందలు సులువు.

ఈ వ్యాపారంలో పాతకాపు కాలిఫోర్నియాలోని ఒరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన 1943లో పెట్టిన ఆర్‌సీబీఎస్. ఆ పేరులోని ‘రాక్ చక్’ అమెరికా కొండల్లో తిరిగే ఉడత జాతి జంతువు. దాన్ని వేటాడేవాళ్లకు గుండ్లు వత్తే డైలు చేయడంతో మొదలైన సంస్థ కాబట్టి ఆ పేరు వచ్చింది. దాని ‘రాక్ చకర్’ ప్రెస్సు తాత కొంటే మనవడు వాడుకునేంత గట్టిది. ప్రోగ్రెసివ్‌కు అరిజోనాలోని డిల్లన్ పేరు చెబుతారు.

ఒకే తీరు తూటా కావాలనుకునేవాడు ఏం చూడాలి? ప్రెస్సు చట్రం అక్షరం ‘ఓ’ లాగా చుట్టూ మూసుకుని ఉండాలి. ‘సి’ లాగా ఒకవైపు తెరిచి ఉన్నదానిలో చెయ్యి పెట్టడం తేలికే కానీ, గట్టిగా లాగినప్పుడు వెంట్రుకవాసి నోరు తెరుస్తుంది. ఆ వెంట్రుకవాసే గుండు వంకరకు దారి. రెండోది, కింది నుంచి పైకొచ్చే కడ్డీ డై మధ్యకు సరిగ్గా రావాలి, అటూ ఇటూ ఊగకూడదు. మూడోది, ప్రైమర్ కూర్చునేటప్పుడు అది అడుగుకు తగిలిన సంగతి చేతికి తెలియాలి. మరీ ఎక్కువ లీవరు బలమున్న ప్రెస్సుల్లో ఈ స్పర్శ పోతుంది. నాలుగోది ప్రెస్సులో లేదు. అది బిగించే బల్లలో ఉంది. బల్ల కదిలితే ఎంత ఖరీదైన ప్రెస్సూ దండగే.

ప్రోగ్రెసివ్‌లో ఇంకో తిరకాసుంది. అందులో మందు తూకం వేసి పోయదు. కొలపాత్రతో పోస్తుంది. బియ్యం సోలతో కొలవడానికీ త్రాసులో తూచడానికీ ఉన్న తేడా అది. గింజ ఎలా సర్దుకుంటే కొలత అలా మారుతుంది. పైగా గురి పోటీల కోసం చేసే పిస్టల్ తూటాలో మందు చాలా తక్కువ, గొట్టంలో సగం కూడా నిండదు. అంటే పరధ్యానంగా రెండుసార్లు పోసినా పొంగిపోదు, బయటికి కనబడదు. పేల్చినప్పుడు తెలుస్తుంది, అప్పటికి పిస్టల్ ఉంటే. అందుకే కొత్తవాళ్లకు అనుభవజ్ఞులు సింగిల్ స్టేజే చెబుతారు. నా ఓటూ దానికే. నెలకు వేలల్లో పేల్చేవాడికి ప్రోగ్రెసివ్, పిస్టల్ షూటర్‌కు కాస్త తీరిక తక్కువైతే టరెట్. మిగతావాళ్లకు బరువైన సింగిల్ స్టేజ్ చాలు, మిగిలిన డబ్బు మంచి త్రాసుకు, మంచి డైలకు పెట్టాలి.

త్రాసు ఎందుకంటారా? తూటా మందును గ్రెయిన్లలో తూస్తారు. పౌనుకు 7000 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు, అంటే మన కంసాలి గురివింద గింజ ఎత్తులో సగం కన్నా కాస్త ఎక్కువ. గురి పోటీలకు చేసేవాళ్లు గ్రెయిన్‌లో పదో వంతు తేడాను కూడా ఒప్పుకోరు. గురివింద గింజను పందొమ్మిది ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క! బీడన్‌పురా పనివాడికి ఈ లెక్క వింతగా అనిపించదు. ఫ్యాను గాలికే త్రాసు తప్పు చెబుతుందని అతనికి తెలుసు. ప్రెస్సు మీద వేలు పోసి, తూకం దగ్గర పిసినారితనం చూపే షూటర్లకే అది తెలియదు. తూటాల్లో ఒకే తీరు అన్నది ప్రెస్సు ఇచ్చే వరం కాదు. ఒకే విడతలో చేసిన గొట్టాలు, ఒకే డబ్బాలోని మందు, ఒకే తూకం, ఒకే లోతు, వీటన్నిటినీ కలిపే ఓపిక. ప్రెస్సు చేయగలిగిందల్లా ఆ ఓపికను చెడగొట్టకుండా ఉండటం.

ఇంతా చేస్తే మిత్రుడికి ఒరిగేదెంత? ఆయన పేల్చేది 25 మీటర్ల దూరంలో. అక్కడి ప్రెసిషన్ లక్ష్యంపై పది మార్కుల వలయం వెడల్పు 50 మిల్లీమీటర్లు. ఆ పిస్టల్ గుండు సెకనుకు 230 మీటర్ల వేగంతో వెళుతుందనుకుంటే లక్ష్యం చేరేలోగా దాదాపు 6 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. వేగం నూటికి మూడు వంతులు తప్పినా ఆ జారుడులో వచ్చే తేడా మూడున్నర మిల్లీమీటర్లు. ఆయన చెయ్యి వణుకు అంతకు పదింతలు ఉంటుంది. (ఆయన ఈ పత్రిక చదువుతారు. అయినా రాస్తున్నాను.) 2006 దోహా ఆసియా క్రీడల్లో ఇదే దూరంలో సెంటర్ ఫైర్ పిస్టల్‌లో జస్పాల్ రాణా 600కు 590 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేశారు. అలాంటివాళ్ల చేతిలో తూటా తేడా లెక్కలోకి వస్తుంది. మనలాంటివాళ్ల చేతిలో తూటాది నేరం కాదు.

నేరం అన్నాను కాబట్టి అసలు సంగతికి వద్దాం. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మడానికి చేస్తేనే కావాలి. డల్లాస్ కుర్రాడు ఆ గాలిలో పెరిగాడు. అక్కడ ప్రెస్సు అంటే డ్రిల్లింగ్ మిషన్ లాంటి ఒక పనిముట్టు. ఇక్కడ కాదు. 1959 నాటి మన ఆయుధాల చట్టం రెండో సెక్షన్‌లో ‘అమ్యూనిషన్’ అంటే ఏమిటో నిర్వచించారు. ఆ జాబితాలో తూటా భాగాలతోపాటు ‘అమ్యూనిషన్ తయారుచేసే యంత్రాలు’ కూడా ఉన్నాయి. ఇంకోసారి చదవండి. తూటా చేసే యంత్రం చట్టం దృష్టిలో తూటాయే. మందు, ప్రైమర్ ఒక్క చుక్క లేకపోయినా, ఇనుప ముద్దగా సూట్‌కేసులో దిగినా సరే.

అదే చట్టం అయిదో సెక్షన్ ప్రకారం ఆయుధాలు గానీ అమ్యూనిషన్ గానీ తయారుచేయడానికి ప్రత్యేక లైసెన్సు ఉండాలి. పిస్టల్ పెట్టుకునే లైసెన్సు దానికి పనికిరాదు. దాన్ని అతిక్రమిస్తే 25వ సెక్షన్. అక్కడ శిక్ష గతంలో మూడు నుంచి ఏడేళ్లు. 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. సవరణ చేసినప్పుడు ప్రభుత్వం మనసులో ఉన్నది నాటు తుపాకుల కార్ఖానాలు, ముఠాలు. రిటైరైన ఉద్యోగి బాల్కనీలోని బల్ల కాదు. కానీ చట్టంలోని మాట బాల్కనీకీ కార్ఖానాకీ తేడా చూపించదు. లైసెన్సింగ్ అధికారి లిఖితపూర్వకంగా ఒప్పుకోకుండా అటువైపు అడుగేయకూడదు.

విమానాశ్రయాల్లో సామానులో ఎప్పటిదో ఒక తూటా దొరికి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు ఎందరో. తెలియక సంచిలో ఉండిపోయిందని, తెలిసి దగ్గర పెట్టుకున్నది కాదని నమ్మినప్పుడు ఢిల్లీ హైకోర్టు అలాంటి కేసులు చాలానే కొట్టేసింది. ఆ దయ ప్రెస్సుకు దక్కదు. ఏడెనిమిది కిలోల ఇనుము సూట్‌కేసులో ఉన్నట్టు తెలియదంటే ఏ జడ్జి నమ్ముతారు? ఇక మందు, ప్రైమర్ల మాట చెప్పనక్కర్లేదు. వాటిని చేతి సంచిలోనే కాదు, లగేజీలో కూడా అమెరికా విమానాల్లో ఎక్కించనివ్వరు.

చట్టం సంగతి అలా ఉంచి చుట్టుపక్కల సంగతి చూసినా, కరోల్ బాగ్ మందు డబ్బాలు దాచుకునే చోటు కాదు. 2008 సెప్టెంబరు 13న వరుస పేలుళ్లలో ఒకటి ఇక్కడి గఫార్ మార్కెట్లోనే జరిగింది. 2019 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున అర్పిత్ ప్యాలెస్ హోటల్‌లో నిప్పు అంటుకుని 17 మంది పోయారు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, మెట్ల మీద సామాన్లు, వీధికి అడ్డంగా కరెంటు తీగలు. అమెరికా శివారు ఇంటి గ్యారేజీలో మందు డబ్బా అంటుకుంటే ఒక గ్యారేజీ పోతుంది. ఇక్కడ ఎదురింటి పిల్లలు, పై అంతస్తులో అద్దెకుంటున్న సివిల్స్ కుర్రాళ్లు కూడా ఆ లెక్కలోకి వస్తారు. వాళ్లనెవరూ అడగలేదు.

అయితే మన షూటర్లకు ఒకే తీరు తూటా ఎలా వస్తుంది? ఇక్కడ ఓ చిత్రం. ఒలింపిక్స్‌కు వెళ్లే మనవాళ్లకు రీలోడింగ్‌తో పనే లేదు. పది మీటర్ల పోటీల్లో వాడేది గాలి తుపాకీ, దాంట్లో మందే ఉండదు. 25, 50 మీటర్ల పోటీల్లో వాడే .22 తూటాకు ప్రైమర్ వేరుగా ఉండదు, పేలే పదార్థం గొట్టం అంచులోనే ఉంటుంది. కొడితే ఆ అంచు నలిగిపోతుంది. దాన్ని తిరిగి నింపే ప్రెస్సు అంగట్లో దొరికేది కాదు. హాంగ్‌ఝౌలో 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, టీమ్ స్వర్ణం తెచ్చిన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పేల్చింది ఈ తూటానే. లండన్‌లో 2012లో గాలి రైఫిల్‌తో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగినవాడే. 2010 కామన్వెల్త్ క్రీడల్లో ఈ కర్ణీ సింగ్ రేంజ్‌లోనే నాలుగు స్వర్ణాలు కొట్టినప్పుడు వాటిలో రెండు గాలి రైఫిల్‌వి, రెండు .22వి. ఎవరికీ ఇంట్లో ప్రెస్సు అవసరం పడలేదు.

వాళ్లు చేసేది తూటాను తయారుచేయడం కాదు, ఏరుకోవడం. కంపెనీ ఒకే విడతలో చేసిన తూటాలకు ఒక లాట్ నంబరు ఉంటుంది. అదే బ్రాండు, అదే ధర, అదే డబ్బా అయినా రెండు లాట్లు ఒకే రైఫిల్‌లో ఒకలాగా పోవు. మన ఊళ్లో ఒకే విత్తనం, రెండు చేలు. కాబట్టి షూటర్ తన బారెల్‌ను పట్టుకెళ్లి, దాన్ని కదలకుండా బిగించి, లాట్ తర్వాత లాట్ పేల్చి, గుండ్లు ఏ లాట్‌తో ఒకే చోట పడుతున్నాయో చూసి, ఆ లాట్‌నే వేలల్లో కొంటాడు. బ్రిటన్‌లోని ఎలీ, జర్మనీలోని లాపువా కేంద్రం ఈ పరీక్షలు చేసి పెడతాయి. 50 మీటర్ల రైఫిల్‌లో పది వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. వేగం నూటికి ఒక వంతు మారితే గుండు పైకో కిందికో రెండున్నర మిల్లీమీటర్లు తప్పుతుంది. ఫైనల్లో దశాంశాల్లో మార్కులు లెక్కవేసే ఆటలో అది పతకానికీ నాలుగో స్థానానికీ మధ్య దూరం. అక్కడ తూటా నేరం నిజంగా తూటాదే.

అసలు అన్యాయం ఇక్కడ మొదలవుతుంది. జర్మనీ వెళ్లి లాట్ ఏరుకోవడం జాతీయ జట్టులో ఉన్నవాడికీ, వెనక డబ్బున్నవాడికీ వీలవుతుంది. పేరున్న షూటర్లకు దిగుమతి సదుపాయాలున్నాయి. ఇంకా పేరు రాని పదహారేళ్ల కుర్రాడు వరంగల్ నుంచో విజయవాడ నుంచో ఢిల్లీ వచ్చి పోటీలో నిలబడితే, అతనికి దొరికిన డబ్బాయే అతని లాట్. ఈ నెల ఒక లాట్‌తో సాధన, వచ్చే నెల ఇంకో లాట్‌తో పోటీ. గుండు తప్పితే తన చెయ్యి తప్పిందనుకుంటాడు, కోచ్ కూడా అలాగే అంటాడు. 1951లో లోక్‌సభ తొలి స్పీకర్ మావలంకర్ అధ్యక్షుడిగా మొదలైన జాతీయ రైఫిల్ సంఘానికి ఇన్నేళ్ల తర్వాత చేయదగిన పని ఒకటుంది. దేశంలోకి వచ్చే తూటాలను లాట్ల వారీగా పరీక్షించే బల్ల ఒకటి కర్ణీ సింగ్ రేంజ్‌లో, ఒకటి హైదరాబాద్‌లో పెట్టి, జూనియర్ల కోసం తెరిచి ఉంచడం. ఒక బిగింపు బల్ల, యాభై మీటర్ల చోటు, వేగం కొలిచే పరికరం. విదేశీ కోచ్‌ల జీతాలతో పోలిస్తే ఇదేమంత ఖర్చు?

దేశీ తయారీ మాటేమిటంటే, పుణె దగ్గర ఖడ్కీ కర్మాగారం 12 బోర్ తూటాలు చేస్తోంది. ‘శక్తిమాన్’ పేరు లైసెన్సుదారులకు పరిచయమే. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు అది మ్యునిషన్స్ ఇండియా చేతికి వచ్చింది. కంపెనీ అన్నాక గిరాకీ చూడాలి కదా. సైన్యం కాని కొనుగోలుదారు కూడా లాట్ నంబరు అడుగుతాడని దానికి తెలియాలి.

మిత్రుడికి చివరికి చెప్పింది ఇది. అన్న కొడుకుని ప్రెస్సు తేవద్దనండి, మీరు వాడే దుకాణంలో ఒకే లాట్ డబ్బాలు లైసెన్సు అనుమతించినన్ని ఒకేసారి కొనండి, లాట్ నంబరును నోటు పుస్తకంలో రాసుకుని, ప్రతి ఆదివారం లక్ష్యం కాగితం మీద తేదీ వేసి దాచండి. ఆరు నెలల్లో ఏది చెయ్యి తప్పో, ఏది తూటా తప్పో ఆ కాగితాలే చెబుతాయి. ఆయన కాస్త నిరుత్సాహపడి, ‘‘అయితే వాడికేం తెమ్మనమంటారు మరి?’’ అన్నారు. మంచి చెవి తొడుగులు తెమ్మనండి అన్నాను. రేంజ్‌లో ఆయన దూది పెట్టుకుంటారు.